వంటింటి కత్తికి సిరామిక్ రాయా, డైమండ్ రాయా: ఎంపిక నుంచి పదును వరకు

కత్తి మొద్దుబారిందని మనం ఒకే మాటతో చెప్పే స్థితిలో నిజానికి రెండు వేర్వేరు నష్టాలు ఉంటాయి. వాదర చివరి సన్నని అంచు పక్కకు ఒరిగి, కొద్దిగా గుండ్రబడి, టమాటా తొక్క మీద తెగకుండా జారిపోవడం మొదటిది. ఆ అంచు పూర్తిగా అరిగిపోవడం, లేదా చేప తలకాయ కొట్టేటప్పుడో పనసకాయ చెక్కేటప్పుడో చిన్న చిన్న పళ్లుగా విరిగి, కొత్త అంచును లోహం లోపలి నుంచి తీయవలసి రావడం రెండోది. మొదటి నష్టాన్ని సిరామిక్ రాయి ఐదు నిమిషాల్లో సరిచేస్తుంది. రెండో నష్టాన్ని అదే రాయితో సరిచేయబోతే గంట గడిచినా ఫలితం కనబడదు, అక్కడ డైమండ్ రాయి కావాలి. ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగేవారికి నేను ముందుగా వారి కత్తి ఏ స్థితిలో ఉందో చూపించమని చెబుతాను. శ్రీకాకుళంలో మా ఇంట్లో కొన్నేళ్లుగా రెండు రాళ్లనూ వాడుతున్నాను. ఇరుగుపొరుగు కత్తులు కూడా నా చేతికి వస్తుంటాయి. ఆ అనుభవంతో ఈ పద్ధతిని మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను.

రాయి లోపల ఏముంది

డైమండ్ రాయి అని పిలిచినా అది రాయి కాదు. చదునైన ఉక్కు పలక మీద కృత్రిమ వజ్రపు నలుసులను ఒకే పొరగా పరిచి, నికెల్ పూతతో వాటిని బిగించి తయారు చేస్తారు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో 1954లో కృత్రిమ వజ్రం తయారైన తరువాతనే వజ్రం నగల పెట్టె దాటి పనిముట్లలోకి విస్తారంగా వచ్చింది. మన జిల్లాకు ఇది కొత్త వస్తువేమీ కాదు: టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైట్ దిమ్మెలను పలకలుగా కోసే రంపాల అంచున ఉండేది కూడా ఈ వజ్రపు నలుసులే. అంత గట్టి రాయిని కోసే పదార్థానికి వంటింటి ఉక్కు ఎదురు నిలవలేదు. అందుకే డైమండ్ పలక మీద నాలుగు సార్లు రాయగానే నల్లని లోహపు పొడి కనిపిస్తుంది.

సిరామిక్ రాయి అల్యూమినియం ఆక్సైడ్ పొడిని అచ్చులో నొక్కి, సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ వేడిలో కాల్చి తయారు చేసిన దిమ్మె. కెంపుకూ నీలానికీ మూలమైన కురువిందం కూడా ఇదే పదార్థం. కాల్చినప్పుడు నలుసులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి, మామూలు సానరాయిలా పాత నలుసు రాలి కొత్త నలుసు బయటపడడం ఇందులో జరగదు. దీని మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే పుడతాయి. ఏళ్ల తరబడి వాడినా రాయి మధ్యలో గుంట పడదు. కానీ కోత మాత్రం నెమ్మది, పైగా ఉపరితలం మీది సూక్ష్మ రంధ్రాలలో లోహం నిండిపోతే కత్తి అద్దం మీద జారినట్టు జారుతుంది. జపాన్ నుంచి వచ్చే కొన్ని నీటి రాళ్లను కూడా సిరామిక్ అనే పేరుతోనే అమ్ముతారు. అవి నలుసులను బంధక పదార్థంతో కలిపి చేసినవి; అరుగుతాయి, అప్పుడప్పుడు చదును చేసుకోవాలి. ఈ వ్యాసంలో సిరామిక్ అన్నప్పుడల్లా పూర్తిగా కాల్చిన తెల్లని లేదా గోధుమ రంగు గట్టి దిమ్మెనూ, అలాంటి కడ్డీనీ మాత్రమే ఉద్దేశిస్తున్నాను.

గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో కురువిందం 9, వజ్రం 10 అని బడిలో చదువుకున్నవారు రెండింటి మధ్య తేడా ఒక్క మెట్టేనని అనుకోవచ్చు. ఆ కొలమానం వరుస క్రమాన్ని మాత్రమే చెబుతుంది. గట్టిదనాన్ని నిజంగా సంఖ్యల్లో కొలిచే నూప్ పద్ధతిలో చూస్తే కురువిందం 2000 దగ్గర, వజ్రం 7000 పైన ఉంటాయి. మామూలు స్టెయిన్‌లెస్ కత్తికి ఈ అంతరం వేగంలో మాత్రమే తెలుస్తుంది. వనేడియం అనే లోహం ఎక్కువగా కలిపిన ఖరీదైన ఉక్కు విషయంలో అయితే కథ మారుతుంది: ఆ ఉక్కులో ఉండే వనేడియం కార్బైడ్ కణాలు కురువిందం కంటే గట్టివి. సిరామిక్ వాటిని కోయలేక చుట్టూ ఉన్న మెత్తని లోహాన్ని మాత్రమే అరగదీస్తుంది. ఉక్కుతో కాక సిరామిక్‌తోనే చేసే తెల్లని జిర్కోనియా కత్తులకు కూడా డైమండ్ తప్ప వేరే దారి లేదు.

మన ఇళ్లలోని కత్తులు

మన వంటిళ్లలో సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. బజారులో దొరికే పలుచని స్టెయిన్‌లెస్ కత్తులు మెత్తనివి. త్వరగా ఒరుగుతాయి, త్వరగా సరిపడతాయి. వీటికి వారానికోసారి సిరామిక్ కడ్డీ చాలు. కమ్మరి కొలిమిలో లారీ కమాను కట్టల నుంచి కొట్టించుకున్న కత్తులూ కత్తిపీటలూ రెండో రకం. ఈ ఉక్కు మొండిది, దెబ్బకు తట్టుకుంటుంది, రెండు రాళ్లకూ చక్కగా లొంగుతుంది, కానీ తీరపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. మూడోది, పట్టణాల నుంచి పిల్లలు కొని తెచ్చే జర్మన్, జపాన్ తరహా కత్తులు. జర్మన్ తరహా కత్తుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 నుంచి 58 వరకు, జపాన్ తరహా వాటిది 60 లేదా అంతకంటే పైన ఉంటుంది. గట్టి కత్తి అంచు ఒరగదు, చిట్లుతుంది. అందువల్ల దాని మీద ఏ రాయి వాడినా ఒత్తిడి బాగా తగ్గించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. మా అమ్మ ఇరవై ఏళ్లు వాడిన కత్తిని ఒకసారి సంతలో కరెంటు చక్రం మీద సాన పట్టించాను. రవ్వలు ఎగిశాయి, రెండు నిమిషాల్లో పని అయిపోయింది, ఇంటికి వచ్చి చూస్తే అంచు పొడవునా నీలి రంగు తేలింది. ఉక్కు దాదాపు 300 డిగ్రీలకు చేరితేనే ఆ నీలం వస్తుంది, అక్కడికి చేరిన అంచు తన గట్టిదనంలో కొంత కోల్పోతుంది. ఆ తరువాత ఆ కత్తి రెండు రోజులు కూడా పదును నిలుపుకోలేదు. నీలం పట్టిన మేరకు లోహాన్ని డైమండ్ పలక మీద చేత్తో అరగదీసిన తరువాతనే మళ్లీ మామూలు స్థితికి వచ్చింది. చేత్తో రాసే రాయి మీద ఈ ప్రమాదం లేదు.

కొనేటప్పుడు

పెట్టె మీద ఉండే గ్రిట్ సంఖ్యను, అంటే నలుసుల సన్నదనాన్ని చెప్పే అంకెను, మాత్రమే చూసి పోల్చవద్దు. ఒక్కో దేశపు కొలమానం ఒక్కో తీరుగా ఉంటుంది. నలుసు పరిమాణాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఇచ్చిన పలక దొరికితే అది మేలు. డైమండ్ పలకల్లో సాధారణంగా 325 అంటే సుమారు 45 మైక్రాన్లు, 600 అంటే 25, 1200 అంటే 9. అంచు విరిగిన కత్తికి 325, రోజువారీ వంట కత్తికి 600 సరిపోతాయి. సిరామిక్ విషయానికి వస్తే, దాని నునుపు నలుసు పరిమాణం మీద మాత్రమే కాక, కాల్చిన తీరు మీదా ఉపరితలాన్ని అరగదీసిన తీరు మీదా ఆధారపడుతుంది. అందుకే మంచి తయారీదారులు కూడా సంఖ్య చెప్పకుండా మధ్యరకం, సన్నరకం అని మాత్రమే రాస్తుంటారు.

రెండింటిలో ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలన్న ప్రశ్నకు నా సమాధానం స్పష్టమైనది: 600 గ్రిట్ డైమండ్ పలక కొనండి, కనీసం కత్తి పొడవుకు సమానంగా, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు ఉండేలా చూసుకోండి. సిరామిక్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంది. పింగాణీ కాఫీ కప్పును బోర్లిస్తే అడుగున మెరుపు పూత లేని, గరుకుగా తగిలే తెల్లని వలయం కనిపిస్తుంది. అది కాల్చిన సిరామిక్ అంచే. కప్పును తడిగుడ్డ మీద కదలకుండా బోర్లించి, ఆ వలయం మీద కత్తిని కోణం తప్పకుండా పది సార్లు లాగితే పదును తిరిగి రావడం మీరే గమనిస్తారు. పొడవైన రాయి మీద ఉన్నంత నిలకడ దాని మీద ఉండదు గానీ, కొనక ముందు సిరామిక్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

కొత్త డైమండ్ పలక మొదట్లో పెట్టె మీద రాసిన దానికంటే గరుకుగా కోస్తుంది, ఎందుకంటే కొన్ని నలుసులు మిగతా వాటికంటే పైకి పొడుచుకుని ఉంటాయి. అయిదారు కత్తులు పట్టిన తరువాత అవి సర్దుకుంటాయి. ఆ గరుకు పోవడాన్ని చూసి పలక పాడైందని పారేయవద్దు. అప్పటి నుంచే అది తన అసలు పని చేస్తుంది.

పని మొదలు పెట్టే ముందు

కత్తిని కిటికీ వెలుతురులో అంచు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని, పిడి నుంచి మొన వరకు చూపును నెమ్మదిగా నడపండి. పదునైన అంచు కంటికి కనిపించదు. ఎక్కడైనా తెల్లని గీతలా, చుక్కలా మెరుపు కనిపిస్తే అక్కడ అంచు చదునైపోయిందని అర్థం. మెరుపు సన్నని గీతగా రెండు మూడు చోట్ల మాత్రమే ఉంటే సిరామిక్‌తో మొదలు పెట్టవచ్చు. పొడవునా ఉన్నా, పళ్లు విరిగిన గుంటలు కనిపించినా డైమండ్ తీసుకోవాలి.

తరువాత కోణం. వంటింటి కత్తికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు తగినవి. కూరగాయలకే వాడే పలుచని కత్తికి 15, చేప ముళ్లు, కొబ్బరి, పనస చూసే కత్తికి 20 లేదా కాస్త ఎక్కువ. కొలవడం కష్టమని చాలామంది ఇక్కడే వదిలేస్తారు గానీ, బడి పిల్లల స్కేలు చాలు. కత్తి వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉంటే, వెన్నును రాయి మీది నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుంటే దాదాపు 15 డిగ్రీలు, 14 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుంటే 20 డిగ్రీలు వస్తాయి. స్కేలు లేకపోతే కాగితపు మూలను రెండు సార్లు సగానికి మడవండి. 90 డిగ్రీలు 45 అయి, ఆపై 22న్నర అవుతుంది. దానికంటే కొద్దిగా తక్కువగా కత్తిని ఉంచితే సరి.

ఇంకొక చిన్న ఉపాయం నాకు ఎన్నో గంటల శ్రమ మిగిల్చింది. చెరగని మార్కర్ పెన్నుతో అంచు వెంబడి రెండు వైపులా సిరా పూయండి. రాయి మీద రెండు సార్లు లాగి చూడండి. సిరా పైనుంచి అంచు చివరి దాకా పూర్తిగా చెరిగిపోతే కోణం సరైనది. పైభాగంలో చెరిగి చివర మిగిలితే వెన్ను ఇంకాస్త ఎత్తాలి. చివర మాత్రమే సన్నగా చెరిగితే మీరు ఎక్కువగా ఎత్తుతున్నారు. కొత్తవారికి ఇంతకంటే నిజాయితీగా చెప్పే గురువు దొరకదు.

డైమండ్ మీద

పలక కింద తడిగుడ్డ వేసి జారకుండా చూసుకోండి. పైన కొద్దిగా నీరు, అందులో గిన్నెల సబ్బు ఒక చుక్క వేయండి. లోహపు పొడి గాలిలోకి లేవకుండా, పలక రంధ్రాల్లో ఇరుక్కోకుండా అది కాపాడుతుంది. నూనె అవసరం లేదు.

పిడిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి రెండు వేళ్లను అంచుకు దగ్గరగా కత్తి పక్క భాగం మీద ఆనించండి. రాయి మీది నుంచి పలుచని పొర చెక్కుతున్నట్టుగా అంచును ముందుకు నడుపుతూ, పిడి పక్కన మొదలై మొన దగ్గర ముగిసేలా లాగండి. మొన వైపు కత్తి వంపు తిరిగే చోట పిడిని కొద్దిగా పైకి ఎత్తితే కోణం మారకుండా ఉంటుంది. మొన గుండ్రబడిపోవడానికి కారణం చాలాసార్లు ఈ ఎత్తడం మరచిపోవడమే.

ఒత్తిడి గురించి నేను నొక్కి చెప్పవలసిన విషయం ఉంది. చిన్నప్పటి నుంచి ఇసుకరాయి మీద బలంగా నూరే అలవాటుతో నా మొదటి డైమండ్ పలకను నేనే పాడు చేసుకున్నాను. ఇసుకరాయిని నొక్కితే కొత్త నలుసు బయటికి వస్తుంది. డైమండ్ పలక మీద ఉన్నది ఒక్క పొరే కాబట్టి, గట్టిగా నొక్కితే నలుసులు నికెల్ నుంచి ఊడిపోతాయి, వాటి స్థానంలో వేరేవి రావు. నెల తిరగకుండానే పలక మధ్యభాగం నున్నగా తయారైంది. తరువాత కొన్న పలకను వంటింటి తూకం మీద పెట్టి, దాని మీద కత్తి నడుపుతూ సాధన చేశాను. అర కిలోకు మించకుండా చూసుకోవడం అలవాటైన తరువాత ఆ పలక ఇప్పటికీ చక్కగా కోస్తోంది. కోత పని నలుసు చేస్తుంది, చేయి కత్తికి దారి మాత్రమే చూపుతుంది.

ఒకే వైపు పది పదిహేను సార్లు లాగిన తరువాత ఆగి, రెండో వైపు బొటనవేలితో వెన్ను నుంచి అంచు వైపుకు, అంచు దాటి బయటికి తేలికగా నిమరండి. అంచు పొడవునా వేలిని ఎప్పుడూ జరపకూడదు. సన్నని గరుకు, చొక్కా దారం తగిలినట్టు వేలికి తగులుతుంది. అంచు చివరి లోహం అటువైపు వంగి లేచిన నూగు అది. పిడి నుంచి మొన వరకు ఎక్కడా తెగకుండా నూగు తగిలే వరకు వైపు మార్చవద్దు. పదును పట్టడం రాలేదని నిరాశపడేవారిలో ఎక్కువ మంది చేసే తప్పు ఈ దశకు ముందే రెండో వైపుకు వెళ్లిపోవడం. నూగు వచ్చిందంటే ఆ వైపు పని అంచు దాకా చేరిందని రుజువైనట్టే.

రెండో వైపు కూడా అదే విధంగా నూగు లేపిన తరువాత, ఒక్కో వైపు ఐదు సార్లు, తరువాత మూడు, తరువాత ఒకటి చొప్పున, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ మార్చి మార్చి లాగండి. డైమండ్ లేపే నూగు, ముఖ్యంగా మెత్తని స్టెయిన్‌లెస్ మీద, పెద్దదిగానూ మొండిగానూ ఉంటుంది. దాన్ని పూర్తిగా ఇక్కడే తీసేయాలని ప్రయత్నిస్తే ఒకవైపు నుంచి మరోవైపుకు వంగుతూనే ఉంటుంది. ఆ మిగిలిన పని సిరామిక్‌ది.

సిరామిక్ మీద

ఇక్కడ నీరు, సబ్బు, నూనె ఏవీ వద్దు, పొడిగానే వాడాలి. అదే కోణంలో, లేదా ఒక్క డిగ్రీ ఎత్తులో, కత్తి సొంత బరువు మాత్రమే ఆనేలా ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగండి. ఒకే వైపు వరుసగా లాగితే కొత్త నూగు పుడుతుంది కాబట్టి వైపు మార్చడం ఇక్కడ తప్పనిసరి. ఒక్కో వైపు పది పన్నెండు సార్లు చాలు. మొదట వినిపించే కిర్రుమనే శబ్దం క్రమంగా మెత్తబడి, చివరికి పట్టు గుడ్డ మీద గోరు నడిచినట్టు అవుతుంది. అప్పుడు ఆపండి.

ఇంకా నున్నగా చేయాలన్న ఆశ వద్దని నా సలహా. టమాటా తొక్క, కోనెం చేప చర్మం, కరివేపాకు కాడ వంటివి తెగడానికి అంచులో కంటికి కనిపించని రంపపు గుణం కొద్దిగా ఉండాలి. 600 డైమండ్ మిగిల్చిన ఆ పళ్ల మీద సిరామిక్‌ను పది సార్లు మాత్రమే నడిపితే నూగు పోతుంది, పళ్లు మిగులుతాయి. పనస పొట్టు కొట్టే బరువైన కత్తి విషయంలో మాత్రం నేను ఇరవై ముప్పై సార్లు లాగుతాను. అక్కడ కత్తి లాగబడదు, పైనుంచి పడుతుంది కాబట్టి నునుపైన, కాస్త మందపాటి అంచే ఎక్కువ సేపు నిలుస్తుంది. పనస కోసే ముందు కత్తికి నూనె రాయడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. పాలు అంటుకున్న అంచును మాత్రం శుభ్రం చేయకుండా ఏ రాయి మీదా పెట్టవద్దు.

చివరగా పాత తోలు బెల్టు లోపలి వైపున గానీ, పలక మీద పరిచిన నాలుగు మడతల వార్తాపత్రిక మీద గానీ, అంచు వెనుక ఉండేలా కత్తిని వెన్ను వైపుకు పది సార్లు లాగండి. వార్తాపత్రిక పుటను ఒక చేత్తో వేలాడదీసి పై అంచు నుంచి కోస్తే చిరగకుండా, ఆగకుండా కిందికి దిగాలి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ నూగు మిగిలిందని గుర్తు పెట్టుకుని, ఆ చోటును సిరామిక్ మీద మరోసారి చూడండి.

కత్తిపీటకు వేరే పద్ధతి

కత్తిపీటను రాయి దగ్గరికి తేలేము, రాయినే దాని దగ్గరికి తీసుకెళ్లాలి. అందుకు పిడి ఉన్న చిన్న డైమండ్ పలక ఉత్తమం. అంచుకు ఎదురుగా కూర్చోకుండా పక్కగా కూర్చుని, పీటను మోకాలి కింద కదలకుండా అదిమి ఉంచండి. వేళ్లు పలక అంచును దాటి ముందుకు రాకూడదు. ఇక్కడ మాత్రం పలకను అంచుకు ఎదురుగా తోయవద్దు. అంచు నుంచి వెన్ను వైపుకు మాత్రమే లాగండి, చేయి జారినా అంచు మీదికి పడదు. లోపలి వంపును చదునైన పలక అందుకోలేదు గనుక, ముగింపు పనికి గుండ్రని సిరామిక్ కడ్డీ వాడండి. రంపపు పళ్ల రొట్టె కత్తికి కూడా ఈ కడ్డీ సన్నని రకమే పనికివస్తుంది.

ఆ తరువాత ఎప్పుడు, ఎలా

ఈ పద్ధతిలో డైమండ్ అవసరం మా ఇంట్లో ఏడాదికి రెండు మూడు సార్లకు మించి రాదు. ఆదివారం చేపలు శుభ్రం చేసే ముందు సిరామిక్ మీద ఒక్కో వైపు ఐదు సార్లు లాగడం మాత్రం తప్పదు. ఎప్పుడైతే ఆ ఐదు సార్లతో పదును రాకుండా పోతుందో, అప్పుడు డైమండ్ బయటికి తీస్తాను.

పని ముగిశాక కత్తిని కడిగి తుడిచిన తరువాతనే కూరగాయల మీద పెట్టాలి; అంచు మీద లోహపు పొడి ఉంటుంది. కమ్మరి కత్తికి రెండు చుక్కల కొబ్బరినూనె రాసి ఉంచండి. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది ప్రతి రాత్రీ చేయవలసిన పని. డైమండ్ పలకను పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీటిలో రుద్ది, వెంటనే ఆరబెట్టండి, తడిగా వదిలితే అడుగు ఉక్కు తుప్పు పడుతుంది. సిరామిక్ తుప్పు పట్టదు గానీ మొజాయిక్ గచ్చు మీద పడితే ముక్కలవుతుంది. నా మొదటి కడ్డీ అలాగే మూడు ముక్కలైంది, అప్పటి నుంచి దాన్ని గుడ్డలో చుట్టి అడుగు అరలోనే పెడుతున్నాను. రాయి బూడిద రంగుకు తిరిగి కత్తి జారడం మొదలైతే, గిన్నెలు తోమే పొడి చల్లి ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో నీటి కింద గట్టిగా రుద్దండి. నల్లని నీరు పోయి, ఆరిన తరువాత రాయి మళ్లీ తెల్లగా కనిపించి, గోటితో గీస్తే కొద్దిగా పట్టుకున్నట్టు తగిలితే అది వచ్చే ఆదివారానికి సిద్ధంగా ఉన్నట్టే.